కైకేయిని మళ్లీ రాయాలంటే: పురాణ కథలో స్వేచ్ఛ తీసుకోవడం ఎలా

రామాయణంలోంచో భారతంలోంచో ఒక పాత్రను తీసుకుని కథ రాయాలని కూర్చుంటే మొదటి రోజే రెండు రకాల టెన్షన్ మొదలవుతుంది. మారిస్తే జనం ఏమంటారో అని ఒకటి. మార్చకపోతే అందరికీ తెలిసిన కథను మళ్లీ ఎందుకు చదువుతారని రెండోది. ఈ రెండూ తగ్గాలంటే ముందు మూలాన్ని దగ్గర పెట్టుకుని నిదానంగా చదవాలి. మనం కల్పించాలనుకున్నదాంట్లో చాలా భాగం అక్కడే ఉంటుంది. మనం చిన్నప్పటి నుంచి విన్న కథలోకి అది రాలేదు, అంతే.

ఇదంతా గాల్లో చెబితే ఉపయోగం లేదు. అందుకని కైకేయి మీద ఒక నవల రాస్తున్నారనుకుని, మొదటి నుంచీ ఆమెనే ఉదాహరణగా తీసుకుందాం.

మొదట: ఏ మూలమో తేల్చుకోండి

"రామాయణంలో ఇలా ఉంది" అనే ముందు ఏ రామాయణమో చెప్పగలగాలి. వాల్మీకం, అధ్యాత్మ రామాయణం, రంగనాథ రామాయణం, మొల్ల రామాయణం ఒకే కథను ఒకేలా చెప్పవు. సీత చుట్టూ లక్ష్మణుడు గీతలు గీయడం వాల్మీకి అరణ్యకాండలో లేదు, తెలుగువాళ్ల రంగనాథ రామాయణంలో ఉంది. సేతువు దగ్గర ఉడత కూడా అంతే. కైకేయి రథం ఇరుసులో వేలు పెట్టి దశరథుణ్ణి కాపాడిందని మనందరం విన్నాం. వాల్మీకంలో మంథర గుర్తుచేసేది వేరు: శంబరాసురుడితో యుద్ధంలో దశరథుడు స్పృహ తప్పి పడిపోతే కైకేయి ఆయన్ని యుద్ధభూమి నుంచి దూరంగా తీసుకుపోయి బతికించింది. అక్కడ వేలు లేదు, ఇరుసు లేదు. యుద్ధం మధ్యలో నిలబడగలిగిన, రక్తం చూసి బెదరని ఒక యువతి ఉంది. నవలకు ఈమె ఎక్కువ పనికొస్తుందని నేను అంటాను.

ఒక గ్రంథాన్ని ఆధారంగా ఎంచుకోండి. గీతా ప్రెస్ వాళ్ల వాల్మీకి రామాయణం తెలుగు తాత్పర్యంతో దొరుకుతుంది. భారతమైతే తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురించిన కవిత్రయ భారతం అర్థ తాత్పర్యాలతో ఉంది. పాఠాల (ఒకే గ్రంథానికి ప్రాంతాన్ని బట్టి ఉన్న రూపాల) మధ్య తేడాలు చూడాలనుకుంటే రామాయణానికి బరోడా ప్రాచ్య విద్యా సంస్థ, భారతానికి పుణెలోని భండార్కర్ సంస్థ ప్రతులను పోల్చి వేసిన పరిష్కృత ప్రతులున్నాయి. సర్గల (అధ్యాయాల) సంఖ్యలు ప్రతిని బట్టి మారతాయి కాబట్టి మీ నోట్సులో సర్గ సంఖ్యతో పాటు ఏ ప్రతి అన్నది కూడా రాసుకోండి. ఈ వ్యాసంలోని సంఖ్యలు మన దగ్గర ఎక్కువగా వాడే దాక్షిణాత్య పాఠంవి.

రెండోది: మూడు గడులు గీయండి

ఒక నోట్‌బుక్ పేజీని మూడు నిలువు గడులుగా చేయండి. మొదటి గడిలో మూలంలో ఉన్నది. రెండో గడిలో తర్వాతి కావ్యాల్లో, పాటల్లో, నాటకాల్లో, సినిమాల్లో చేరినది. మూడో గడిలో మీరు కల్పించేది. ఏ సన్నివేశం రాసినా అందులోని ముక్కలన్నీ ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట పడాలి.

చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పుస్తకం మొత్తానికి ఇదే పునాది. దీన్ని ఓపిగ్గా నింపినవాళ్లకు దొరికేవి చూడండి. కైకేయి విషయంలో అయోధ్యకాండ నుంచి మొదటి గడిలోకి వచ్చేవి ఇవి.

రాముడికి పట్టాభిషేకం అని మంథర వచ్చి చెప్పగానే కైకేయి సంతోషించింది. మంచి వార్త తెచ్చావని ఆభరణం తీసి ఇచ్చింది (7వ సర్గ).

దశరథుడు రాముణ్ణి పిలిచి, భరతుడు ఊళ్లో లేని ఈ సమయమే పట్టాభిషేకానికి తగినదని తనకు అనిపిస్తోందని చెప్పాడు (4వ సర్గ). అంత పెద్ద శుభకార్యానికి తొందరలో కేకయ రాజును పిలవలేదు, జనకుణ్ణీ పిలవలేదు.

చిత్రకూటంలో రాముడే భరతుడితో ఒక మాట అంటాడు: మన తండ్రి మీ అమ్మను పెళ్లాడేటప్పుడు మీ తాతగారికి రాజ్యాన్నే కన్యాశుల్కంగా ఇస్తానని మాట ఇచ్చాడు (107వ సర్గ). వరాలు అడిగిన రాత్రి కైకేయి దీని ఊసే ఎత్తదు. మంథరా ఎత్తదు.

దశరథుడి సారథి సుమంత్రుడు కైకేయిని దెప్పిపొడుస్తూ ఆమె తల్లి కథ చెబుతాడు (35వ సర్గ). కేకయ రాజుకు సకల ప్రాణుల భాషా అర్థమయ్యే వరం ఉంది. ఒక రోజు పడక దగ్గర ఒక చిన్న ప్రాణి కూత విని నవ్వాడు. ఎందుకు నవ్వావని భార్య పట్టుబట్టింది. చెబితే తాను చనిపోతానన్నాడు. బతికినా చచ్చినా చెప్పాల్సిందే అంది. ఆయన ఆమెను వదిలేశాడు. నువ్వూ మీ అమ్మ లాంటిదానివే అన్నది సుమంత్రుడి ఎత్తిపొడుపు.

భరతుడు మేనమామ ఇంటి నుంచి బయల్దేరుతుంటే కేకయ రాజు ఇచ్చిన కానుకల్లో అంతఃపురంలో పెంచిన, పులుల్లాంటి బలమున్న పెద్ద కుక్కలున్నాయి (70వ సర్గ). అంటే కైకేయి పుట్టింట్లో కుక్కలు లోపలే తిరిగేవి.

ఇప్పుడు మీరే చెప్పండి. తల్లిని తండ్రి వదిలేసిన పిల్ల, కుక్కల మధ్య పెరిగిన పిల్ల, యుద్ధభూమి నుంచి భర్తను తప్పించిన పిల్ల, కొడుక్కి రాజ్యం అన్న మాట మీద ముసలి రాజుకు భార్యగా వచ్చిన పిల్ల. ఇందులో ఒక్క ముక్క కూడా మనం కల్పించలేదు. "కైకేయి కోణం" అని చాలామంది రాసేటప్పుడు ఇవన్నీ వదిలేసి, ఆమెకు లేని ప్రేమకథో లేని శత్రువో అంటగడతారు. చూస్తే బాధ కలుగుతుంది. ఇంత సరుకు ఇంట్లో ఉండగా అప్పుకు వెళ్లడం ఎందుకు?

మూడోది: ప్రశ్నను పట్టుకోండి

మొదటి గడి నిండాక మూలం ఎక్కడ ఆగిపోయిందో కనిపించడం మొదలవుతుంది. రాజ్యశుల్కం సంగతి కైకేయికి తెలుసా? తెలిస్తే ఆ రాత్రి ఎందుకు వాడుకోలేదు? తెలియకపోతే ఎవరు దాచారు? వాల్మీకి చెప్పలేదు. మీ నవల పుట్టేది ఇక్కడ.

ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు. మూడు నాలుగు పట్టుకుంటే పుస్తకం ఎటూ పోదు. ఒక ప్రశ్నకు మీరిచ్చే జవాబు మిగిలిన కథ మొత్తాన్ని కొద్దికొద్దిగా పక్కకు జరుపుతుంది. ఆ జరుగుడును చివరిదాకా అనుసరించడమే అసలు శ్రమ. ఉదాహరణకు, ఆమెకు తెలుసు అని మీరు తేల్చారనుకోండి. అప్పుడు పట్టాభిషేకం వార్తకు ఆమె సంతోషించి ఆభరణం ఇచ్చిన దృశ్యాన్ని మీరు వివరించాలి. కొడుకు హక్కు పోతోందని తెలిసీ సంతోషించిన మనిషిని చూపించాలి. ఆ మనిషి కొన్ని గంటల్లో ఎలా మారిందో చూపించాలి. కష్టమే. కానీ ఆ కష్టంలోంచే మంచి అధ్యాయం వస్తుంది. ఇబ్బందిగా ఉంది కదా అని ఆభరణం దృశ్యాన్ని ఎగరగొట్టేస్తే మూలం తెలిసిన పాఠకుడు అక్కడే మిమ్మల్ని వదిలేస్తాడు.

భారతంలో ఇలాంటిదే ఒకటి చెప్పి వెనక్కి వస్తాను. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడ్డప్పుడు ద్రౌపది నవ్వి "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అందని మనవాళ్ల నోట నానిన కథ. వ్యాసుడి సభాపర్వంలో ఆ మాట లేదు. ఆ ఘట్టాన్ని చెప్పేటప్పుడు నవ్వినవాళ్లుగా భీముడు, అర్జునుడు, కవలలు కనిపిస్తారు. తర్వాత దుర్యోధనుడు ఇంటికి పోయి తండ్రితో చెప్పుకునేటప్పుడు మాత్రం ద్రౌపది కూడా ఆడవాళ్లతో కలిసి నవ్విందంటాడు. జరిగినదాన్ని కవి ఒకలా చెప్పాడు, అవమానం తిన్నవాడు ఇంకోలా చెప్పాడు. ఆ సందులో ఒక నవలకు చోటుంది.

నాలుగోది: ఎంత స్వేచ్ఛ తీసుకుంటున్నారో కొలుచుకోండి

అన్ని మార్పులూ ఒకే బరువువి కావు. మూలం చెప్పని రోజును నింపడం తేలిక, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. తెలిసిన సంఘటనను ఇంకొకరి కళ్లతో చూపించడం దాని తర్వాతిది. సంఘటన అదే ఉంచి కారణం మార్చడం ఇంకాస్త బరువు. సంఘటననే మార్చడం, ముగింపును మార్చడం అన్నిటికన్నా బరువు. పైకి వెళ్లేకొద్దీ పాఠకుడికి మీరు ఎక్కువ బాకీ పడతారు.

శశిరేఖ సంగతి గుర్తు చేసుకోండి. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖతో పెళ్లి జనంలో పుట్టిన కథ. 1957లో వచ్చిన మాయాబజార్ దాన్ని ప్రతి ఇంటికీ చేర్చింది. ఇంత పెద్ద కల్పనను ఎవరూ తప్పు పట్టలేదు. ఎందుకంటే అది పాండవుల అరణ్య, అజ్ఞాతవాసాల రోజుల్లో, మూలకథ మరో వైపు చూస్తున్నప్పుడు జరుగుతుంది. కురుక్షేత్రంలో ఎవరు గెలవాలో, ఎవరు చావాలో అది ముట్టుకోదు. పైగా అందులో కృష్ణుడు కృష్ణుడిలాగే ఉంటాడు, శకుని శకునిలాగే ఉంటాడు. కొత్త సంఘటనలో పాత మనుషులు తమ స్వభావంతోనే కదిలితే పాఠకుడు హాయిగా వెంట వస్తాడు.

కుదించడమూ స్వేచ్ఛే. తిక్కన భగవద్గీత మొత్తాన్ని కొద్ది పద్యాల్లో ముగించి యుద్ధంలోకి వెళ్లిపోయాడు. ఆయన కథ చెబుతున్నాడు. కథ ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలుసు. మీ నవల కైకేయిదైతే కిష్కింధ, లంక గురించి ఒక పేజీలో ముగించడానికి సంకోచించక్కర్లేదు.

సంఘటననే మార్చాలని నిర్ణయించుకుంటే, మీ కైకేయి వరాలే అడగలేదనుకుంటే, అది మొదటి పేజీల్లోనే తెలిసేలా చేయండి. ఇది మరో దారిలో వెళ్లే కథ అని పాఠకుడికి ముందే అర్థం కావాలి. మూడొందల పేజీలు వాల్మీకిలాగే నడిపి చివర్లో తిప్పేస్తే అది మోసంగా ఉంటుంది.

ఐదోది: మీ వాదనకు ఎదురొచ్చేదాన్ని దాచకండి

ఇక్కడే చాలామంది పడిపోతారు. కైకేయి మీద ప్రేమ పెరిగేకొద్దీ ఆమెను తప్పులేని మనిషిగా చేయాలనిపిస్తుంది. అది జరగాలంటే ఇంకొకరు చెడ్డవాళ్లు కావాలి. దాంతో పాపం కౌసల్య ఈర్ష్య పట్టిన పెద్ద భార్య అవుతుంది, లేదా మొత్తం నింద మంథర గూని మీద పడుతుంది. ఒకరిని లేపడానికి మరొకరిని తొక్కడం తప్ప ఇందులో కొత్తదనం లేదు.

అయోధ్యకాండ 20వ సర్గలో కౌసల్య రాముడితో తన బాధ చెప్పుకుంటుంది. ఈ ఇంట్లో కైకేయి పరిచారికలతో సమానంగానో, ఇంకా తక్కువగానో బతికానంటుంది. మీ కైకేయి ఎంత మంచిదైనా ఈ మాట మీ పుస్తకంలో ఉండి తీరాలి. ఆమెకు తెలియకుండా జరిగిందా, తెలిసీ పట్టించుకోలేదా, చిన్న వయసులో భర్త గారాబంలో కళ్లు నెత్తికెక్కాయా, అది మీ ఇష్టం. జవాబు చెప్పకుండా దాటేయడం మాత్రం కుదరదు. మీ పాత్రకు వ్యతిరేకంగా మూలంలో ఉన్న సాక్ష్యాలను ఒక కాగితం మీద రాసి ఎదురుగా గోడకు అంటించండి. పుస్తకం పూర్తయ్యేలోపు ప్రతిదానికీ ఏదో ఒక పేజీలో సమాధానం రావాలి.

ఆరోది: సన్నివేశం రాయడం

ఇప్పుడు కలం పట్టుకుందాం. కైకేయి తల్లిని పంపేసిన రోజు. అప్పుడు కైకేయి వయసెంతో మూలం చెప్పలేదు కాబట్టి చిన్నపిల్ల అనుకోవడం మన మూడో గడిలోది. మొదటి ప్రయత్నం సాధారణంగా ఇలా వస్తుంది:

"అమ్మను ఎందుకు పంపేశారు నాన్నా? ఆడదానికి ప్రశ్నించే హక్కు లేదా? ఈ పురుషాధిక్య సమాజం రేపు నన్ను కూడా ఇలాగే అణచివేస్తుందా?" అని కైకేయి కన్నీళ్లతో నిలదీసింది.

ఇందులో రచయిత కోపం వినిపిస్తోంది, పిల్ల వినిపించడం లేదు. ఆ కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ మన కాలపు మాటలను ఆ పిల్ల నోట్లో పెడితే ఆ పిల్ల మాయమైపోతుంది. అదే సన్నివేశాన్ని మొదటి గడిలోని వస్తువులతో, ఆమె చూడగలిగినంత మేరకే రాస్తే:

అమ్మ ఎక్కిన పల్లకి కోట గుమ్మం దాటాక కుక్కలు రెండూ వెనక్కి వచ్చేశాయి. మంథర వాటికి కూడు పెట్టి, చేతులు కడుక్కుని, కైకేయి జడ విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టింది.
"అమ్మ ఏమడిగింది?"
"ఎందుకు నవ్వారని అడిగింది."
"అంతేనా?"
మంథర జడ గట్టిగా లాగి ముడి వేసింది.
ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రి దేనికో నవ్వాడు. కైకేయి తలెత్తలేదు.

ఇక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అడిగితే ఇల్లు పోతుందని ఒక పిల్ల నేర్చుకుంది. ఇదే పిల్ల పెద్దదై కోపగృహంలో రాజును రెండు వరాలు అడుగుతుంది, తల్లిలాగే వెనక్కి తగ్గదు. రెండు వందల పేజీల తర్వాత పాఠకుడికి ఈ రాత్రి గుర్తొస్తే చాలు. మీరు గుర్తు చేయొద్దు.

ఇలా రాయడానికి ఒక ఉపాయం ఉంది. సన్నివేశంలోని ఒక్కో వాక్యం తీసుకుని, ఆ మనిషికి ఆ క్షణంలో ఇది తెలిసే వీలుందా అని అడగండి. రాముడు దేవుడని పాఠకుడికి తెలుసు, కైకేయికి తెలుసా? మీ ఆధారం అధ్యాత్మ రామాయణమైతే ఒక జవాబు, వాల్మీకమైతే మరో జవాబు. మొదట్లో గ్రంథాన్ని ఎంచుకోమన్నది ఇందుకే.

మాటల విషయానికొస్తే, మన చెవులు పౌరాణిక సినిమాలకు అలవాటు పడ్డాయి. "చిత్తము ప్రభూ", "ఏమీ! ఎంత ధైర్యము!" అని పేజీల కొద్దీ రాస్తే అది నాటకం అవుతుంది, నవల కాదు. మరీ ఇవాళ్టి ఆఫీసు మాటల్లో రాసినా పాఠకుడు బయటికి వచ్చేస్తాడు. మామూలు తెలుగులో రాసి, సభలో మాట్లాడేటప్పుడు మాత్రం కొంచెం బిగువు పెంచండి. అంతఃపురంలో దాసి రాణితో మాట్లాడే తీరు వేరు, పుట్టింటి నుంచి వెంట వచ్చిన మంథర మాట్లాడే తీరు వేరు. మంథరకు చనువు ఉంది. వాల్మీకంలో ఆమె కైకేయిని మూర్ఖురాలా అని కూడా అంటుంది. ఆ చనువు మీ సంభాషణల్లో వినిపించాలి.

వంటింట్లో జాగ్రత్త. పచ్చిమిరపకాయ, టమాటా, బంగాళాదుంప, జామపండు, జీడిపప్పు అన్నీ పోర్చుగీసువాళ్ల కాలంలో సముద్రం దాటి వచ్చినవే. అయోధ్యలో కారం కావాలంటే మిరియాలున్నాయి, అల్లముంది. దూరాలూ అంతే. భరతుడు మేనమామ ఊరి నుంచి వేగంగా వచ్చినా దారిలో ఏడు రాత్రులు పట్టింది. కాబట్టి మీ కైకేయి పొద్దున పుట్టింటికి కబురు పంపి సాయంత్రానికి జవాబు అందుకోకూడదు.

ఏడోది: ఎవరికి చదివి వినిపించాలి

రాతప్రతి పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఒకరు రోజూ పారాయణ చేసే మనిషి. మీ అత్తయ్యో, వీధిలో పెద్దాయనో ఎవరైనా సరే. ఇంకొకరు రామాయణాన్ని ప్రశ్నించే మనిషి. మొదటివారిని "మీకు నచ్చిందా" అని అడగకండి, "ఎక్కడ గుచ్చుకుంది" అని అడగండి. గుచ్చుకున్నచోట మీ మూడు గడుల నోట్‌బుక్ తెరిచి చూడండి. అది మొదటి గడిలోది అయితే ధైర్యంగా ఉంచండి. అహల్య విషయంలో ఇలా తరచూ జరుగుతుంది. ఆమె రాయి అయిందనీ, రాముడి పాదం తగిలి లేచిందనీ అందరి నమ్మకం. వాల్మీకి బాలకాండలో ఆమె ఎవరికీ కనిపించకుండా, గాలి తప్ప ఆహారం లేకుండా, బూడిదలో పడి తపస్సు చేస్తుంది. శాపం తీరి కనిపించగానే రామలక్ష్మణులే ఆమె పాదాలు పట్టుకుని నమస్కరిస్తారు. దీన్ని విన్న భక్తులు నొచ్చుకోవడం నేను చూడలేదు. రాముడి మీద గౌరవం ఇంకా పెరగడమే చూశాను.

గుచ్చుకున్నది మూడో గడిలోది అయితే, అది కథకు అవసరమా, మీ కసికి అవసరమా అని మీరే తేల్చుకోవాలి. నమ్మేవాళ్లను నొప్పించడమే ఉద్దేశంగా రాసిన పేజీ కథగా కూడా నిలవదు.

చట్టం గురించి రెండు ముక్కలు. మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడాన్ని పాత శిక్షాస్మృతిలోని 295ఎ శిక్షించేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 299 ఆ స్థానంలో ఉంది. ఇక కాపీరైట్: వాల్మీకి, వ్యాసుడు అందరివాళ్లు. కానీ ఈ కాలపు అనువాదకుడి వాక్యాలు ఆయనవే. రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా మన దేశంలో హక్కు ఉంటుంది. అలాగే మరో నవలాకారుడు కల్పించిన పాత్రను "పురాణంలోదే కదా" అనుకుని తీసుకోకండి. మీ రెండో గడిని పూర్తిగా నింపి ఉంటే ఈ పొరపాటు జరగదు.

ఎనిమిదోది: పుస్తకం చివర ఒక పేజీ

రచయిత మాట చివర పెట్టండి. ముందు పెడితే క్షమాపణలా కనిపిస్తుంది. అందులో మీ సిద్ధాంతాలు వద్దు, పుస్తకం పేరు వెనక కథా వద్దు. మూడు గడుల సారాంశం చాలు. ఇలా ఉండొచ్చు:

"ఈ నవలకు ఆధారం వాల్మీకి అయోధ్యకాండ. కైకేయి తల్లి కథ, రాజ్యశుల్కం, పట్టాభిషేకం నాటి తొందర మూలంలోనివి. తల్లిని పంపేసిన రాత్రి, మంథర బాల్యం, కైకేయి తన అన్నకు పంపిన కబుర్లు నా కల్పన. రథచక్రంలో వేలు పెట్టిన కథ వాల్మీకంలో లేదు కాబట్టి వాడలేదు."

అచ్చయ్యాక ఎవరైనా ఉత్తరం రాస్తే, మూలం విషయంలో మీరు తప్పు చదివారని సర్గతో సహా చూపిస్తే, కృతజ్ఞతలు చెప్పి తర్వాతి ముద్రణలో దిద్దండి. కల్పన నచ్చలేదని రాస్తే చివరి పేజీ చూడమని మర్యాదగా జవాబివ్వండి. రెండో రకం ఉత్తరాలే ఎక్కువ వస్తాయి. వాటిలో కొందరు తమ అమ్మమ్మ చెప్పిన ఇంకో కైకేయి కథ రాస్తారు. అది ఏ ఊరిదో, ఎవరు చెప్పేవారో అడిగి తెలుసుకుని రెండో గడిలో రాసి పెట్టుకోండి.